రుచి పోయిన నాలుక

మా ఆయన కాశీబుగ్గ కల్లు దుకాణంలో రుచి చూసే మనిషి. ఉద్దానం తాటితోపుల నుంచి పొద్దున్నే కుండలు దిగేవి. ఒక్కో కుండ నుంచి ఒక్క గుక్క నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని పుక్కిలించి, ఉమ్మేసి చెప్పేవాడు. "ఇది ఇసక దిబ్బ మీది సెట్టు. సివర్లో ఉప్పగా తగుల్తన్నాది." ఇంకో కుండకి, "లేత ముంజి తీపి. గానీ గీసినోడు కుండ సరిగ్గా కడగనేదు." ఆయన ఔనంటే దుకాణందారు కొనేవాడు, కాదంటే కుండ వెనక్కి పోయేది. ఆ నాలుకే మా ఇంటికి తిండి పెట్టేది.

ఒక ఏడు ఆయనకి విషజ్వరం వచ్చింది. నెల్లాళ్ళకి లేచి కూర్చుంటే చారన్నం పెట్టాను. పరధ్యానంలో ఉప్పు రెండుసార్లు వేశానని, నేను తినబోయేదాకా తెలియలేదు. ఓలమ్మో, నోట్లో పెట్టలేకపోయాను. ఉప్పు ఒక్క పలుకు ఎక్కువైతే కంచం విసిరికొట్టే మనిషి, ఆ చారంతా జుర్రుకున్నాడు.

"మావా, ఉప్పు సరిపోనాదా?" అన్నాను.

"సరిపోనాదే" అన్నాడు. నా మొహం చూసి సంగతి గ్రహించి, కంచం పక్కకి పెట్టి ఏడ్చాడు. "ఎవలికీ సెప్పకే. తెలిసిందంటే మన నోట్లో మట్టే."

ఆయనకి తిరిగే ఓపిక వచ్చాక, వేయించిన చేపలు అమ్మే వంకతో గంప పట్టుకుని రోజూ ఆయన వెంట దుకాణానికి వెళ్ళేదాన్ని. కల్లు తెచ్చినవాళ్ళకి చేపముక్క ఇచ్చి, ప్రతి కుండ నుంచీ కొబ్బరిచిప్పెడు కల్లు పోయించుకుని నేను ముందు రుచి చూసేదాన్ని. మంచిదైతే కొంగు తలమీదికి లాక్కునేదాన్ని, పాడైతే దగ్గేదాన్ని. ఆయన నావైపు ఓ కంట చూస్తూ పాత మాటలే వల్లించేవాడు. జ్వరం తగిలాక నాలుక మరీ పదునెక్కిందని జనం మెచ్చుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. పదునెక్కింది నా నాలుక కదా!

ఒకనాడు చుట్టాలు భోజనానికొచ్చారు. నలుగురి ముందూ గొప్పకి పోయి, చేపల పులుసు ఒక్క ముద్ద తిని, "ఏటే ఈ పులుసు? ఉప్పే నేదు" అని కంచం తోసేశాడు. ఉప్పు సరిగ్గానే వేశాను. ఆయన మాటంటే మాటే గనుక చుట్టాలూ ఉప్పు కలుపుకుని తిన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్న గంప ముట్టుకోలేదు.

"నాను రాను. నీకు నాలుకుంది కదా, ఎల్లు."

"కోపం ఒగ్గీయే. ఈ ఒక్కపాలీ రా" అని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. నేను చేటలో బియ్యం చెరుగుతూనే ఉన్నాను. ఒక్కడే వెళ్ళాడు.

ఆ పూట కొత్తచోటి నుంచి ఒక కుండ వచ్చింది. మత్తు బాగా ఎక్కాలని అందులో ఉమ్మెత్త గింజలు నూరి కలిపారని తర్వాత తెలిసింది. ఆయన పుక్కిలించి, "లేత ముంజి తీపి" అన్నాడట. సముద్రం మీద వేటకెళ్ళే ఒకతను చిప్ప నోటి దగ్గర పెట్టుకుని, "సేదుగా ఉన్నాదేటి, బావా?" అన్నాడట. అందరూ మా ఆయన వైపు చూశారు. గుట్టు బయటపడిపోతుందని భయపడ్డాడు కాబోలు, ఆ కల్లే ముంత నిండా ముంచుకుని గటగటా తాగేశాడు.

మధ్యాహ్నానికి మంచం మీద మోసుకొచ్చారు. కనుపాపలు ఇంతింతై, గాలిలో ఏవో ఏరుకుంటున్నాడు. కక్కించాలని ఉప్పునీళ్ళు గరిటెతో నోట్లో పోశాను. సగం చెంపల మీదుగా కారిపోయింది. ఒక్క గుటక మింగి, నన్ను గుర్తుపట్టాడు.

"ఉప్పు సరిపోనాదే" అన్నాడు.

పొద్దు వాలకముందే పోయాడు. ఆ ఒక్క పూట నేను కోపం దిగమింగుకుని ఉంటే బతికుండేవాడు. ఈరోజుకీ కూర దించేముందు నేను ఉప్పు చూడను. ఎవరైనా చూడమని గరిటె చాపితే లేచి బయటికి వెళ్ళిపోతాను.