దిష్టి బెజ్జం

పోయిన నెల కర్నూలులో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నర్సు రెండు కళ్ళలో మందు చుక్కలు వేసి, మందు పట్టేదాకా బయట కూర్చోమంది. ఆ చుక్కలు పడ్డాక లోకమంతా పలచటి మజ్జిగలో ముంచినట్టు కనిపిస్తుంది. పక్కన కూర్చున్నది ఆడో మగో గొంతు విని తెలుసుకోవాల్సిందే. ఊరికే కూర్చోవడం నాకు పుట్టుకతో రాలేదు. ఎదురు గోడ మీద నల్లగా ఏదో వేలాడుతుంటే లేచి దగ్గరికి పోయాను. కట్టెబొమ్మ. కంటికి ఆనలేదు గనుక వేలితో తడిమాను. గోపురం, దాని ముందు కాళ్ళు మడిచి కూర్చున్న నంది, నంది మెడలో గంటలు, కింద కోనేటి మెట్లు. మహానంది. లోపలి అంచులు కూడా ఇంత నున్నగా కోసే చెయ్యి నాకు ఒక్కటే తెలుసు. వేలిని కింద ఎడమ మూలకు జరిపాను. మిరియం గింజ పట్టేంత గుంట తగిలింది. కౌంటరు వెనక నుంచి ఒక పిల్ల కేకేసింది. "అవ్వా, అంటుకోవద్దు! సార్ తిడ్తాడు. మైసూరుదంట అది, శానా ఖరీదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అవ్వా అన్నందుకు కాదు. దానికీ కొంచెం మండిందనుకోండి, కానీ అసలు మంట మైసూరు అన్నందుకు. ఆ బొమ్మ మైసూరు మొహం చూడలేదు. కడపలో, రేకుల షెడ్డులో, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని మా అక్క కోసిన బొమ్మ అది. ఇట్లాంటివి ఎన్ని చేసిందో ఆమెకే లెక్క తెలియదు. ఒక్కదాని మీద కూడా, నోటిమాటగానైనా, ఆమె పేరు పడలేదు.

మాది నందికొట్కూరు పక్కన సేద్యం చేసుకునే ఇల్లు. అక్కను కడపకిచ్చారు. బావ వాళ్ళది ఒకప్పుడు కొండ కనపడేదాకా భూములున్న కుటుంబం. ఆ భూముల్లో ముప్పాతిక వంతు అమ్మి, ఊళ్ళో టింబర్ డిపో పెట్టారు. ఎకరాలు పోయినా మీసం దిగని ఇల్లు. కట్టె అమ్మడం వాళ్ళకు వ్యాపారం, కట్టె కోయడం మాత్రం నామర్దా. డిపోలో పద్దాక రంపాలు తిరుగుతుండేవి గానీ, ఇంటి మగవాళ్ళెవరూ రంపం పిడి పట్టుకోగా నేను చూడలేదు. ఇంక ఆడవాళ్ళ సంగతి చెప్పేదేముంది! ఆడవాళ్ళు డిపో వైపు కిటికీ తెరిచినా మా అక్క అత్తగారు గొంతు సవరించుకునేది.

ఆ అత్తగారు పోయాక ఒక మిషను వచ్చింది. తలుపుల మీద పువ్వులూ లతలూ కోయడానికని బావ తెప్పించాడు. చూడ్డానికి కుట్టు మిషను లాగే ఉండేది. బల్ల మీద వంకీ చెయ్యి, దాని కింద సూదికి బదులు గడ్డిపోచంత సన్న బ్లేడు, టకటకా పైకీ కిందికీ ఆడుతూ. డిపో మేస్త్రి, పెద్దవయసు సాయిబు, దాన్ని చూసి "ఇది పిల్లోళ్ళ ఆటబొమ్మప్పా" అని పక్కన పెట్టేశాడు. ఆయనకు ఉలి ఉంటే చాలు. మిషను ఇంటికీ డిపోకూ మధ్యనున్న షెడ్డులో పడింది. హోటళ్ళ పొయ్యిలకు పోయే తుక్కుముక్కలు కూడా ఆ షెడ్డులోనే కుప్ప పోసేవాళ్ళు. టేకు, నల్లమద్ది, జిట్రేగి. ఎర్రచందనం తప్ప అన్నీ ఉండేవి. అది ఇంట్లో ఉంటే ఏమవుతుందో కడప వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక ఎండాకాలం మా అక్క ఆ కుప్పలోంచి అరచేయంత టేకు ముక్క ఏరుకుని, ముగ్గు గీసినట్టు దాని మీద చిలకను గీసి, మిషను ముందు కూర్చుంది. చిలక ముక్కు విరిగింది. రెండోదానికీ విరిగింది. షెడ్డు బయట నుంచి చూస్తున్న మేస్త్రి ఉండబట్టలేక, "కట్టె వాటం చూసి బొమ్మ గీయల్ల తల్లీ. బొమ్మ గీసినంక కట్టెను బతిమాలితే ఇంటాదా?" అన్నాడట. మూడో చిలకకు ముక్కు నిలిచింది. ఆ చిలక ఇప్పటికీ నా దగ్గరుంది.

నేను సెలవులకు వెళ్ళినప్పుడు ఆమె పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. జిట్రేగి కోస్తే తియ్యటి వాసన. వేపకట్టె కోస్తే ఆ పొట్టు గొంతులోకి దిగి, మధ్యాహ్నం తిన్న బక్షాలు కూడా చేదయ్యేవి. బొమ్మ బయటి గీత కోయడం సులువే. లోపలి ఖాళీలు కోయాలంటేనే యాతన. ప్రతి ఖాళీకీ ముందు ఒక సన్న బెజ్జం వేయాలి, బ్లేడు పైకొన విప్పి అందులోంచి దూర్చాలి, మళ్ళీ బిగించాలి, కోయాలి, మళ్ళీ విప్పాలి. నంది మెడలో ఎన్ని గంటలుంటే అన్నిసార్లు. ఇంట్లో ఉప్పు ఎక్కువైందని ఎవరైనా అంటే ఏడ్చే మనిషి, ఇక్కడ బ్లేడు తెగితే నవ్వి ఇంకోటి బిగించేది. "ఈడ కూకుంటే నాకు ఆకలి గూడా కాదు పాపా" అనేది. నాకు అరవై దాటాయి, ఇప్పటికీ ఆమెకు నేను పాపనే.

బావకు ఈ సంగతి తెలియక కాదు. తెలిసి, దానికొక ముసుగు వేశాడు. షెడ్డులోంచి టకటకలు వినిపించి వచ్చినవాళ్ళెవరైనా అడిగితే, "మా ఇంటామె గుడ్డలు కుట్టుకుంటాంటాది" అనేవాడు. అంత కుట్టిన మనిషికి ఒంటి మీద బజారు జాకెట్లే ఉంటాయేమిటని ఎవరికీ అనుమానం రాలేదు! బొమ్మలు మాత్రం వరండాలోకి వచ్చాయి. ఒకనాడు ఎవరో ఆఫీసరు వాటిని చూసి ముచ్చటపడి, ఎక్కడివని అడిగాడు. బావ జిట్రేగి దుంగల కోసం మైసూరు పోయి వచ్చిన కొత్త అది. బావ తడుముకోకుండా, "మైసూరు నుంచి తెప్పించినాం సార్" అన్నాడు. అక్క కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఉంది. ఆఫీసరు బొమ్మ తీసుకుపోయాడు. ఆనాటి నుంచి డిపోకు పని పడిన ప్రతి పెద్దమనిషి ఇంటికీ ఒక మైసూరు బొమ్మ చేరింది. "బొమ్మలు కావాలని మీ బావే చెయ్యమంటాండాడు గదా, నేనేం చాటుగా చేస్తాండానా?" అని నాతో అనేది అక్క. అడిగి చేయించుకోవడమే ఒప్పుకోవడం అనుకుంది పిచ్చిది.

ప్రతి బొమ్మకూ కింద ఎడమ మూలన ఆమె ఒక బెజ్జం ఎక్కువ వేసేది. ఏ గీతకూ కలవని బెజ్జం. నేను అడిగితే నన్నే వెర్రిదాన్ని చూసినట్టు చూసి, "దిష్టికి" అంది. పసిబిడ్డ బుగ్గన కాటుక చుక్క పెట్టమా, కొత్తింటికి గుమ్మడికాయ కట్టమా, మరి దీనికి మాత్రం దిష్టి తగలదా అని. బావ అదేమిటని ఏనాడూ అడగలేదు. పని తెలియక పడిన తప్పు బెజ్జం అనుకున్నాడు. ఇంటి నుంచి బయటికి పోయే ముందు ప్రతి బొమ్మనూ మేస్త్రికిచ్చి, ఆ బెజ్జంలో రంపప్పొట్టూ జిగురూ కూరి, పైన పాలిష్ పెట్టించేవాడు. మైసూరు సరుకులో తప్పులుండకూడదు కదా! ఆమె వేయడం, ఆయన పూడ్పించడం. ఇద్దరూ ఆ ముక్క ఎత్తకుండానే ఏళ్ళు నడిచిపోయాయి.

తర్వాత డిపోకు ఇంకో పెద్ద షెడ్డు కట్టారు. ప్రారంభానికి జిల్లాలో పేరున్న ఒక నాయకుడు వస్తున్నాడు. ఆయనకు ఇవ్వడానికి గండికోట బొమ్మ కావాలన్నాడు బావ. అక్క ఆ ఎండాకాలమంతా దాని మీదే పడింది. కోట గోడలు టేకుతో, కిందికి పగిలిన లోయ నల్లమద్దితో, అడుగున పెన్నేటి చార జిట్రేగితో, ఒకదాని మీద ఒకటి మూడు పొరలు. ప్రారంభం నాడు ఆడవాళ్ళ కుర్చీల్లో ఆమె పక్కనే నేను కూర్చున్నాను. నాయకుడు బొమ్మను రెండు చేతులా పట్టుకుని, ఎత్తి జనానికి చూపించాడు. "ఎవరప్పా దీన్ని చేసింది?" అన్నాడు మైకులో. బావ నోరు తెరిచేలోగా, కింద నుంచి దుంగలు మోసే కూలీ ఒకడు సంతోషం పట్టలేక, "యాడనో కాదు సామీ, ఈడనే, మన డిపోలోనే చేసినారు!" అని అరిచాడు. "అయితే పిలవండి! శాలువా కప్పుదాం" అన్నాడు నాయకుడు.

అక్క కుర్చీలోంచి లేచింది. పూర్తిగా కాదు, సగం. ఆ సంగతి నేను తప్ప పక్కవాళ్ళెవరూ గమనించలేదు. వేదిక మీద బావ మొహం పాలిపోయింది. ఆడవాళ్ళ వైపు ఒక్కసారి చూశాడు. చూసి, పక్కకు తిరిగి, మెట్ల దగ్గర నిలబడ్డ మేస్త్రిని రెక్క పట్టుకుని పైకి లాగాడు. "ఈయనే సార్, మా మేస్త్రి." సాయిబు ఏదో చెప్పబోయాడు. చప్పట్లలో అది కలిసిపోయింది. శాలువా ఆయన భుజాల మీద పడింది. అక్క మెల్లగా కూర్చుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. కుచ్చిళ్ళ కోసమే లేచినట్టు.

ఆ సాయంత్రం మేస్త్రి పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి, శాలువా మడత పెట్టి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "తల్లీ, ఇది నాది కాదు. భుజం మీద ముండ్లకంప ఏసుకున్నట్లుండాది" అన్నాడు. అక్క, "నీ తప్పేముండాది అన్నా? నువ్వు కప్పుకో" అంది. ఆయన వినలేదు, షెడ్డులో మిషను మీద దాన్ని పెట్టి పోయాడు. మా అక్క వెళ్ళి ఆ మడత విప్పి మిషను మీద నిండుగా కప్పింది. శవం మీద కప్పినట్టే కప్పింది. ఆ మిషను మళ్ళీ ఆడలేదు.

నేను ఊరుకుంటానా? భోజనాల దగ్గరే బావను పట్టుకున్నాను. "ఏం బావా, నీ పెండ్లాం పేరు చెప్తే నీ నోట్లో ముత్యాలు రాల్తాయా?" అన్నాను. "నీకేం తెల్సు? రేపు ఊర్లో ఏమంటారు? వాళ్ళింట్లో ఆడోళ్ళ చేత వడ్రంగం చేయిస్తాండారు అంటారు. నేను తలెత్తుకోని తిరగల్లా వద్దా?" అన్నాడు. ఇంకో నాలుగు మాటలు అనేదాన్నే. అక్క నా విస్తట్లో అన్నం వడ్డిస్తూ, "తిను పాపా" అంది. తర్వాత గిన్నెలు సర్దేచోట నాతో చెప్పింది. "శాలువా ఎవరికి కప్పితే నాకేం. నేను లేచినా పాపా. పిలుస్తాడనుకోని లేచినా. అదే నాకు సిగ్గుగా ఉండాది." సిగ్గుపడాల్సినవాడు హాలులో తాంబూలం నములుతున్నాడు.

అటు తర్వాత బావ రెండుమూడుసార్లు బొమ్మలు అడిగాడు. కళ్ళు కనపడడం లేదంది. నిజానికి ఆమె ఇప్పటికీ అద్దాలు లేకుండా బియ్యంలో రాళ్ళు ఏరుతుంది. తుక్కుముక్కలు మళ్ళీ హోటళ్ళ పొయ్యిలకు పోయాయి. మేస్త్రి కాలం చేశాడు. జనం ఇనుప కిటికీలకూ రెడీమేడ్ తలుపులకూ మళ్ళుకుంటే డిపో చిక్కిపోయింది. మా అక్క కొడుకు దాన్ని ఫర్నిచర్ షోరూముగా మార్చాడు. ఇప్పటి గిరాకీలకు ఫ్యాక్టరీ సరుకు కళ్ళకానదట, చేత్తో చేసింది కావాలట. ఎవరు చేశారు, ఎట్లా చేశారు, అదంతా చెప్తే ఇంకా మురిసిపోతారట.

కంటి డాక్టరు దగ్గర చూసిన బొమ్మ సంగతి చెప్పాలని పోయిన వారం కడప వెళ్ళాను. నేను పోయేసరికి వరండాలో కోలాహలం. షోరూము గురించి ఫోనులో వీడియో తీయడానికి ఎవరో కుర్రవాడు వచ్చాడు. అటకల మీద మిగిలిన బొమ్మలన్నీ దించి వరసగా పెట్టారు. షెడ్డులోంచి మిషను కూడా మోసుకొచ్చారు. శాలువా తీసి తీగ మీద వేశారు. బావ తెల్లపంచ కట్టుకుని, నవ్వుతూ, "ఇవన్నీ మా ఇంటామె సొంత చేతుల్తో చేసిందే నాయనా! ఈ జిల్లాలో ఇట్లా చెయ్యి ఇంకోటి లేదు" అంటున్నాడు. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! అడగకుండానే, అన్నం పెట్టమన్నంత సులువుగా వచ్చింది. ఎన్నో ఏళ్ళ కింద ఆ వేదిక మీద రావాల్సిన మాట.

"ఏమ్మే, ఇట్లా రా, మిషను ముందర కూకో" అని పిలిచాడు. అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కూర్చోలేదు. ఆ కుర్రవాడు ఫోను ఆమె వైపు తిప్పి, "చెప్పమ్మా, ఇవన్నీ నువ్వే చేసినావంట గదా?" అన్నాడు. ఆమె బొమ్మలను ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఇంట్లోనే ఉండిపోయినవి గనుక వాటి మూలల్లో బెజ్జాలు తెరిచే ఉన్నాయి. తర్వాత బావ మొహం చూసింది.

"లేదు నాయనా," అంది. "అవి మైసూరు నుంచి తెప్పించినవి."

తీగ మీది శాలువా తీసుకుని, దులిపి, మిషను మీద మళ్ళీ కప్పి లోపలికి పోయింది. నాకు నవ్వు రావాల్సింది, ఏడుపు వచ్చింది. కంటి డాక్టరు దగ్గరి బొమ్మ సంగతి ఆమెకు చెప్పలేదు. ఏమని చెప్పను? కాలం అన్నిటినీ పూడుస్తుందంటారు. పూడ్చిన చోట పొట్టు ఎండి, జిగురు కుంగి, చూపు ఆనని నాలాంటిదాని వేలికి కూడా తగిలే గుంటగా మిగలడానికి పట్టిన కాలం మాత్రం, మా అక్క బతుకంత.