ముప్పై ఎనిమిది తాళంచెవులు

ఎర్కిన్‌కు ఇరవై ఆరేళ్ళుగా గొట్టాలే లోకం. ఆ గనుల ఊళ్ళో ఏ గోడ వెనుక ఏ గొట్టం తుప్పు పట్టిందో అతనికి పెళ్ళాం ముఖం కన్నా బాగా తెలుసని జనం ఆటపట్టించేవారు. పెళ్ళాం కూడా అదే మాట అనేది, కాకపోతే నవ్వకుండా.

అక్టోబరు మధ్యలో, గదులు వెచ్చబడేందుకు, ఊరి బాయిలర్ నుంచి ఐదంతస్తుల మేడల గొట్టాల్లోకి వేడినీళ్ళు వదులుతారు. నీళ్ళు కింది నుంచి ఎక్కుతూ గొట్టాల్లోని గాలినంతా ఐదో అంతస్తుకు నెట్టుకుపోతాయి. అక్కడ గదిని వెచ్చబెట్టే ఇనుప రేడియేటర్ కొసనున్న చిన్న మర తిప్పి ఆ గాలిని బయటికి పోనిస్తేనే వేడి తిరుగుతుంది. లేకపోతే పై నుంచి కింది దాకా ఆ వరుసలోని ఐదిళ్ళూ చల్లగా పడి ఉంటాయి. అందుకే పై అంతస్తు ఇళ్ళల్లో రేడియేటర్ పక్క మేకుకు ఆ మర తిప్పే ఒక చిన్న తాళంచెవి వేలాడేది. చలేసినవాళ్ళు గరిటెతో గొట్టం మీద కొట్టేవారు. పైవాళ్ళు లేచి మర తిప్పి, పని అయిందని తామూ ఒకసారి తిరిగి కొట్టేవారు. ఫోన్లు లేని ఇళ్ళకు అదే ఫోను.

ఒక మేడలో రెండో మెట్లదారి పైన ముప్పై ఏళ్ళుగా ఆ పని చేసింది తైసియా. ఒకప్పుడు గనిలో క్రేను నడిపింది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, నోరు మాత్రం నిక్షేపంలా ఉంది. పోయిన చలికాలం కుళాయిల్లో వేడినీళ్ళు ఆగిపోతే, ఆవిడ ఆ మర నుంచే బకెట్లు పట్టి కింది వాళ్ళకూ బట్టలు ఉతకడానికి ఇచ్చింది. ఊరంతా అదే చేసింది. గొట్టాల్లో నీళ్ళు తగ్గిపోతున్నాయని బాయిలర్ ఆఫీసువాళ్ళు గోలపెట్టి, పై అంతస్తుల తాళంచెవులన్నీ లాక్కురమ్మని ఎర్కిన్‌ను తోలారు.

"తీసుకెళ్ళు నాయనా," అంది తైసియా, మెట్లదారి అంతా వినేలా. "గాలొస్తే దాన్ని కూడా జేబులో వేసుకుపో!"

"నన్నంటే ఏం లాభం పెద్దమ్మా? ఆఫీసులో పైవాళ్ళు చెప్పారు, చేశాను."

"పైవాళ్ళు ఉరేసుకోమన్నా వేసుకుంటావన్నమాట!"

కింద తలుపుల వెనకాల నవ్వులు వినిపించాయి. ముప్పై ఎనిమిది తాళంచెవులు తీగకు గుచ్చుకుని దిగాడు ఎర్కిన్. ఆ నవ్వులు ఏడాదంతా అతని చెవుల్లోనే ఉన్నాయి.

ఈ ఏడు చలి ముందే విరుచుకుపడింది. కరెంటు రోజుకు రెండు గంటలే. తోటి పనివాళ్ళిద్దరూ ఊరొదిలిపోయారు. ఊళ్ళో పగిలే గొట్టాలకూ, పై అంతస్తు ముప్పై ఎనిమిది ఇళ్ళకూ మిగిలింది ఎర్కిన్ ఒక్కడే. వంతుల జాబితాలో తైసియా పేరు ముప్పై ఒకటోది.

వేడినీళ్ళు వదిలిన మూడో రోజు ఆ మేడ వాకిట్లోంచే వెళుతుంటే, తైసియా వరుసలోనే కింది ఇంటి నూరిలా ఆపింది.

"అన్నా, ముసలామె పొద్దుట్నుంచీ మూడేసి సార్లు కొడుతూనే ఉంది. ఒక్కసారి ఎక్కి చూడరాదూ?"

"కొట్టనీ అక్కా. వంతు వస్తే నేనే వస్తా."

పది నిమిషాల పని. సంచిలో తాళంచెవుల గుత్తి ఉంది. ఆ నోరు కాస్త చల్లబడితే మంచిదేనని అతను అనుకున్నాడు. నిజం దాచి లాభం లేదు, అచ్చంగా అలాగే అనుకున్నాడు.

ఎనిమిదో రోజు వంతు వచ్చింది. కింద తన తలుపు దగ్గర నూరిలా శాలువాలో పాపను పొదివి పట్టుకుని నిలబడింది.

"ఆవిడ కొట్టడం మానేసి మూడు రోజులైంది. ఆవిడకి వేడి వచ్చేసిందనుకున్నాం. వేడి పైనుంచే కదా దిగాలి, మాకూ వస్తుందని చూస్తున్నాం."

 ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవడం ఆ వరుసలో జరగదని ఎర్కిన్‌కు తెలుసు. ఐదంతస్తులూ పరుగున ఎక్కాడు. పిలిచాడు, తలుపు బాదాడు, చివరకు గునపంతో తాళం పగలగొట్టాడు.

తైసియా రెండు కోట్లు తొడుక్కుని, ముక్కాలి పీట మీద కూర్చుని, రేడియేటర్‌కు చెంప ఆన్చి ఉంది. చెయ్యి ముట్టుకుంటే ఇనుములా చల్లగా ఉంది. కాళ్ళ దగ్గర గరిటె, కొస విరిగిన కత్తెర. ఆ కత్తెరతో తిప్పబోయి మర తలంతా గీకేసింది. ఎంతసేపు పెనుగులాడిందో, వేళ్ళ మీద రక్తం గడ్డకట్టి ఉంది.

తాళంచెవి ఇప్పుడు ఆ మరకు పట్టలేదు. కటింగ్ ప్లేయరుతో తిప్పాడు. గాలి బుస్సుమని చాలాసేపు పోయింది. తర్వాత నీళ్ళు చిమ్మాయి. కాసేపటికి ఇనుము వేడెక్కసాగింది. ఆ వేడి ఆమె చెంపకు తగులుతుంటే చూడలేక, ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు.

అప్పుడు మొదలైంది కింద చప్పుడు. నాలుగిళ్ళవాళ్ళూ సంబరంగా గరిటెలతో గొట్టాన్ని వాయిస్తున్నారు. కాసేపు ఆగారు, ఆమె తిరిగి కొడుతుందని. మళ్ళీ వాయించారు. ఎర్కిన్ నేలమీది గరిటె తీశాడు. కొట్టడానికి చెయ్యి రాలేదు. మెట్లు దిగుతుంటే ఒక్కో తలుపు వెనకాలా ఆ చప్పుడే.

నూరిలా నవ్వు ముఖంతో తలుపు తీసింది, చేతిలో గరిటె.

"వచ్చిందన్నా, వేడి వచ్చింది! ఆవిడేంటి, తిరిగి కొట్టలేదు? మా మీద అలిగిందా?"

ఎర్కిన్ తీగకు గుచ్చిన గుత్తిని సంచిలోంచి తీసి చూపించాడు.

"ఆవిడ తాళంచెవి నా దగ్గర ఉండిపోయిందక్కా," అన్నాడు.