మాఫీ దొరికినా వదలని మా అవ్వ

మా చిన్నప్పుడు... చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల ఆదివారం పొద్దున, అందుకోసం అవ్వ చేసి మూతపెట్టిన రొట్టెను నేను తినేశాను. ముక్క కాదు... మొత్తం!

బాప్తిస్మం తీసుకోని పిల్లలకు ఆ రొట్టె ఇవ్వరు. ఇవ్వనిదాని మీదే కదా మనసంతా! అవ్వ అడిగితే తడుముకోకుండా చెల్లె పేరు చెప్పాను. పాపం, దానికి రెండు దెబ్బలు పడ్డాయి. అంతటితో పోలేదు... మా బొగ్గుగని కాలనీలో మాట దాగుతుందా? సండే స్కూల్ పిల్లలంతా దాన్ని "రొట్టె దొంగ" అనడం మొదలుపెట్టారు. అది ఇక చర్చికి రానని తలుపు పట్టుకుని ఏడ్చేది.

రెండు వారాలు చూసి, ఉండబట్టలేక అవ్వకు నిజం చెప్పేశాను. కొట్టలేదు! దగ్గరికి తీసుకుంది.

"మాఫీ చేసిన బిడ్డా. దేవుడు గూడ మాఫీ జేస్తడు."

హమ్మయ్య అనుకున్నాను.

"ఇగ నడువు. నువ్వే తిన్నవని సండే స్కూల్ల అందరి ముంగట జెప్పు."

ఒళ్ళు మండిపోయింది నాకు. "మాఫీ చేసినవ్ గదనే అవ్వా! మల్లెందుకు?"

"మాఫీ నీకైంది. నీ చెల్లెకు న్యాయం గాలే గద!"

ఇదేం పద్ధతి? ఏడ్చాను, కడుపునొప్పి అన్నాను. దేవుడే వదిలేస్తే నీకేంటని కూడా అన్నాను.

"దేవుడు ఊకెనే ఇడిచిపెట్టిండా? సిలువ మీద మన తప్పులు ఆయనే మోసిండు. తప్పును తప్పు కాదనలే" అంటూ చెల్లెను కూడా వెంటబెట్టుకుని నన్ను లాక్కుపోయింది.

తీరా అక్కడ నేను అవ్వ వెనక దాక్కున్నాను. అవ్వ నా చెయ్యి వదలకుండా ముందు తనే మాట్లాడింది. "నేను గూడ తప్పు జేసిన. చిన్నదాన్ని ఒక్క మాట అడగకుండనే కొట్టిన." తర్వాత నేను చెప్పాను. చెల్లె అవ్వ కొంగులో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఇప్పుడేమో... "క్షమించెయ్, దేవుడు చూసుకుంటాడు" అని దెబ్బతిన్నవాళ్ళకే నీతులు! మొన్న మా చర్చిలో ఒకామె మీద లేనిపోని నింద వేసినాయన ప్రార్థనలో క్షమించమని దేవుణ్ణి అడిగి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆమె మాత్రం చివరి వరుసలో తల వంచుకుని కూర్చుంది. నాకు చిర్రెత్తుకొచ్చి మధ్యలోనే లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చాక తట్టింది... నేను కూడా ఆమె దగ్గరికి వెళ్ళలేదు.

చెయ్యి పట్టుకుని లాక్కుపోయే అవ్వలు ఇప్పుడెక్కడున్నారు... మీ ఇంట్లో అలాంటి మొండి మనిషి ఉంటే కింద రాయండి, తీరిగ్గా చదువుతాను. ముందు ఆమె ఇంటికి వెళ్ళాలి.