స్వీడన్ మేడమ్ లెక్క

అబుదాబిలో రెండేళ్లు ఒక స్వీడన్ మేడమ్‌కి డ్రైవరుగా చేశాను. అక్కడి ఎడారి మొక్కల మీద మొదట పరిశోధన చేసినవాళ్లలో ఆవిడ ఒకరని ఆఫీసులో చెప్పుకునేవారు. నాకు మాత్రం ఆవిడ ఊరికే బండి ఆపించే మనిషి. అరవై దాటిన వయసులో కంకర మీద బోర్లా పడుకుని, భూతద్దంలో గడ్డిపరకను చూస్తూ "ఐదు నిమిషాలు" అనేది. అది ఏనాడూ గంటలోపు తెమల్లేదు. పైగా చుట్టుపక్కల అలాంటివి ఎన్నున్నాయో లెక్కపెట్టనిదే ఒక్క మొక్కనూ ముట్టేది కాదు.

ఒక శుక్రవారం అల్ ఐన్ దారిలో అలాగే ఆపించింది. జుమా నమాజుకు టైమైపోతోంది. ఆవిడ దూరంగా వెతుకుతూ తిరుగుతుంటే నాకు ఒళ్లు మండి, ఆవిడ అప్పటిదాకా చూసిన పసుపుపూల మొక్కను వేళ్లతో సహా పీకి, తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఖలాస్ మేడమ్. ఇక పోదాం."

ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. "ఇక్కడ ఇదొక్కటే ఉంది," అంది.

తిట్టలేదు. మొక్కను పాత పేపరు మడతలో పెట్టి, చీటీ మీద చోటు, తేదీ రాసి, నా పూర్తి పేరు అడిగింది.

"నా పేరెందుకు మేడమ్?"

"పీకినవాళ్ల పేరు రాయాలి. మ్యూజియంలో ఈ మొక్క పక్కన వందేళ్లయినా ఉంటుంది."

నమాజుకు టైముకే చేరాను. దువాకు చేతులెత్తితే గోళ్లలో ఆ మట్టి కనిపించింది. ఆ మనిషి నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.