పంపు యాకోబు ఇచ్చిన మాట

గిద్దలూరు దాటాక రైలింజన్లు నీళ్ళు పట్టుకునే చోట మొదట్లో ఉన్నవల్లా ఒక రైలు బావి, ఒక పంపుషెడ్డు, అందులో పంపు నడిపే యాకోబు. మద్రాసు రాజధాని రోజులవి. ట్యాంకు నిండి పొర్లిన నీళ్ళు ఒక గొట్టంలోంచి కింద పడేవి. ఆ నీళ్ళను చూసి గొర్రెల వాళ్ళు దిగారు, రైలు పట్టాల గ్యాంగు కూలీలు గుడిసెలు వేశారు, ఎవరో దుకాణం పెట్టారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అరవై గడపల ఊరైంది. రాచర్లలో కూలి దొరక్క అల్లాడుతున్న చెల్లెలు సౌభాగ్యమ్మను, ఆమె పిల్లల్ని యాకోబే తీసుకొచ్చి తన పక్కన గుడిసె వేయించాడు.

యాకోబుకు ఆ గొట్టమంటే మహా గర్వం. ఉండదా మరి! రాచర్లలో వాళ్ళమ్మ ఊరి బావికి దూరంగా నిలబడి, ఎవరైనా దయతలచి కుండలో పోస్తారేమోనని పొద్దెక్కేదాకా కాచుకునేది. ఇక్కడ రెడ్లయినా, గొల్లలైనా, తనవాళ్ళయినా ఒకటే వరస. ముందు ఎవరి కుండ ఉంటే వాళ్ళవే నీళ్ళు. అది చూసి మురిసిపోయేవాడు, పిచ్చి మారాజు.

ఒక ఏడు గొర్రెల నాగులు నలుగుర్నీ పోగేసి ఊరికని బావి తవ్వడం మొదలుపెట్టాడు. యాకోబుకు అది నచ్చలేదు. బావంటూ వస్తే దానికో గట్టు వస్తుంది. గట్టెక్కకూడని వాళ్ళెవరో తేల్చే పెద్దలూ వస్తారు.

"బండల్లో పడి ఎందుకు చస్తారు నాగులూ? రైలు తిరిగినన్నాళ్ళు ఈ నీళ్ళు ఆగవు. నాదీ పూచీ" అన్నాడు.

"నువ్వే అట్లంటే ఇంక మాకేంది మామా" అని నాగులు తవ్వకం ఆపి పలుగులు ఎత్తించేశాడు.

సౌభాగ్యమ్మ ఒక్కతే, "అది మన చేతిలో పనేనా అన్నా?" అంది.

"నాకు తెలవదా ఏంది!" అని కసిరాడు. అన్న మాట కదా, నమ్మింది.

ఆరేళ్ళకు పెద్ద ఇంజన్లు వచ్చాయి. వాటికి దారిలో నీళ్ళు అక్కర్లేదట! పంపు విప్పి బండికెక్కించారు, రైలు బావికి ఇనప మూత బిగించి తాళం వేశారు. నాగులు తవ్విన గుంత ఎప్పుడో పూడిపోయింది. నడి ఎండాకాలంలో మళ్ళీ దిగి తవ్వితే బండ తగిలింది. జనం వాగులో చెలమలు తోడుకు తాగారు. ఆ నీళ్ళకే సౌభాగ్యమ్మ చిన్న కూతురు వాంతులూ భేదులూ పట్టుకుని రెండు రోజుల్లో పోయింది.

జనం గుడిసెలు విప్పుకుని బళ్ళెక్కారు. యాకోబును ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండునని అతను కుళ్ళి కుళ్ళి ఏడ్చాడు.

ఆఖరికి సౌభాగ్యమ్మా మూట కట్టింది. యాకోబు గుమ్మం దగ్గర నిలబడి, "కంభం పోదాం తల్లీ. ఆడ చెరువుంది, నీళ్ళకు కొదవుండదు. నేనూ వస్తా" అన్నాడు.

ఆమె మూట తలకెత్తుకుంది.

"నువ్వు రాబాకన్నా. నువ్వు చెప్తే నేను మళ్ళా నమ్ముతా."