మా అత్తగారు ఏరిన సముద్రం

నేనేం చదువుతున్నానని ఎవరైనా అడిగితే మా అత్తగారు చెప్పే జవాబు ఒకటే: "సముద్రం అడుగునుంచి బురద తెప్పించుకొని ఏరతాదమ్మా." ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత అంతకంటే తేలిగ్గా నేనూ చెప్పలేను.

కోట్ల ఏళ్ళ కిందట భూమి ఒకసారి విపరీతంగా వేడెక్కింది. గాలిలో పేరుకున్న బొగ్గుపులుసు వాయువును మింగి సముద్రం పులిసింది. ఆనాటి బురదలో సన్నరవ్వంత గుల్లలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో మెగ్నీషియం కొలిస్తే నీళ్ళు ఎంత వేడిగా ఉండేవో తెలుస్తుంది. ఎన్ని గుల్లలు తినేసినట్టు అరిగి విరిగాయో లెక్కపెడితే ఎంత పులిసిందో తెలుస్తుంది. ఇందుకోసం బురదను కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద తడి కుంచెతో ఒక్కొక్క గుల్లనే ఏరాలి. మా ఆయనకు కృష్ణపట్నం దగ్గర బొగ్గు కాల్చి కరెంటు తీసే చోట ఉద్యోగం. అందుకని భోజనాల దగ్గర మేము భూమి వేడి గురించి మాట్లాడుకోము.

ఏరిన గుల్లలు, వాటిలో విరిగినవెన్నో లెక్క వారంలో మా గైడుకు పంపాలి. అది తప్పితే రెండేళ్ళుగా రాస్తున్న అధ్యాయం చెత్తబుట్టలోకే. సరిగ్గా అప్పుడే నాకు కళ్ళకలక వచ్చింది. కుంచె పట్టుకోవడమెలాగో చూపిస్తే అత్తగారు మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. ఆవిడ పుట్టిల్లు మనుబోలు పక్కన, వరి పండించే ఇల్లు. ఆవిడ చేట దాటిన బియ్యంలో రాయి తగిలిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. మొదటి గుల్లను చూసి, "ముక్కుపుడక మాదిరుండాదే," అన్నారు. ఆ వారం టీవీ సీరియళ్ళు మానేశారు. పక్కింటావిడ తలుపు కొడితే, "డ్యూటీలో ఉండా," అని లోపలినుంచే చెప్పి పంపేశారు.

కళ్ళు తేటపడ్డాక పళ్ళెం చూసి గతుక్కుమన్నాను. ఒక్క గుల్లకూ గీత లేదు. దీన్నిబట్టి ఆనాటి సముద్రానికి ఏ కష్టమూ రాలేదు. నాకు విషయం అర్థమైంది. ఆవిడ బియ్యం బాగుచేసినట్టు బాగుచేసి, విరిగినవన్నీ తీసేశారు. నాకు కావలసినవే అవి.

ఈ మాట ఆవిడతో అనేదెవరు? మా అత్తగారి ఏరుడుకు వంకపెట్టే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. మా ఆయన్ని అడిగాను. "నన్ను మధ్యలోకి లాగబాక, షిఫ్టుండాది," అంటూ బండి తీశారు. ఆ రోజు ఆయనకు సెలవు.

ఇక తప్పక నేనే వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ చింతపండు పిసుకుతున్నారు.

"అత్తమ్మా, పగిలినవి ఏమన్నా వచ్చినాయా?" అన్నాను.

"రాకేం? సగానికి పైన నూకలే." పై అరలోంచి చిన్న స్టీలు డబ్బా దించారు. "పారేస్తామా ఏంది? దేనికన్నా పనికొస్తాయని ఎత్తిపెట్టినా."

సంతోషం పట్టలేక ఆవిడను వాటేసుకున్నాను. చింతపండు గుజ్జు నా చీరంతా అయింది.

ఇద్దరం కూర్చుని రెండూ లెక్కపెట్టాం. సముద్రం నిజంగానే బాగా పులిసింది. నా అధ్యాయం బతికింది.

"మంచివి పైన కనపడేటట్టు పెట్టి పంపించు. మీ సారు చూడనీ," అన్నారు అత్తగారు.

అప్పుడిక చెప్పక తప్పలేదు. నూకల్ని మా గైడు ల్యాబులో గాజు స్లైడు మీద అంటించి భద్రంగా దాచుకుంటారు. మంచివాటిని యాసిడ్‌లో కరిగించి మెగ్నీషియం కొలుస్తారు.

ఆవిడ మంచివి ఉన్న పళ్ళేన్ని తన దగ్గరికి లాక్కున్నారు.

"అంత పులుపులో కరక్కుండా నిలబడినాయే ఇవి. మీ చేతికి వచ్చినాక కరగాల్నా?"

నిజంగా సిగ్గేసింది. మర్నాడు పార్సిల్ కట్టేముందు మళ్ళీ లెక్కపెడితే మంచివాటిలో ఒకటి తగ్గింది. ఎవర్నీ అడగకుండా కాగితం మీద అంకె దిద్ది పంపేశాను.