బుడగలు పోయేదాకా

ఇప్పటికీ పటమటలో ఎవరైనా కారు బానెట్ ఎత్తి, లోపల ఏసీ పైపు మీద, పారే గ్యాస్ కనిపించే గాజు కంట్లోకి వంగి చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండువేల తొలి ఏళ్ళలో ఆటోనగర్‌లో ఒక కార్ల ఏసీ షెడ్డులో చేసేవాణ్ణి. పాత గ్యాస్ దొరకడం గగనమైంది. పాత కార్లన్నిటికీ కొత్త గ్యాస్‌కి మార్పిడి. మా మేస్త్రి లెక్కలో మార్పిడంటే పాతది వదిలెయ్యడం, కొత్తది పట్టడం, అంతే. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణే, కానీ నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఆ మార్పిడి గురించిన ఇంగ్లీషు పుస్తకం నెల్లాళ్ళు చదివాను. పాత ఆయిల్ ఆనవాలు లేకుండా కడగాలి. గ్యాస్ మునుపటికన్నా తక్కువ, కాటా మీద తూచి పట్టాలి. గాజులో బుడగలు కనిపించినా గ్యాస్ తక్కువైందని నమ్మకూడదు.

ఈ చివరిమాట ఎవడి బుర్రకీ ఎక్కలేదు. బుడగలు పోతేనే గ్యాస్ నిండినట్టని మేస్త్రులూ నమ్మారు, బండ్లవాళ్ళూ నమ్మారు.

చల్లపల్లి నుంచి ఒకాయన సొంత టాక్సీ తెచ్చాడు. ఒక హోటల్ వాళ్ళ గన్నవరం ఎయిర్‌పోర్టు బేరాలే ఆయన బతుకు. ఏసీ లేకపోతే అవి లేవు. అంతా కడిగి, తూచి పట్టాను. ఆయన వంగి చూశాడు.

"బుడగలు తిరుగుతున్నాయేంటండీ? తగ్గించి పట్టారా?"

"కొత్త గ్యాసండీ, అలాగే ఉంటుంది. సరిపోయింది."

మేస్త్రి నవ్వాడు. "మా పంతులుగారు పుస్తకంలో చదివార్లెండి. ఏవయ్యా, సిలిండర్ వాల్వు ఇంకాస్త తిప్పు."

తిప్పాను. బుడగలు పోయాయి. ఇద్దరూ తృప్తిగా తలలూపారు.

మే నెల ఎండలో, రైల్వే గేటు దగ్గర బండి ఆగి ఉండగా, ఎక్కువైన గ్యాస్ ఒత్తిడికి కంప్రెసర్ బిగుసుకుపోయింది. లోపలున్న హోటల్ అతిథికి విమానం తప్పింది. ఆ వారమే బేరాలు ఇంకొకడికి పోయాయి.

ఆయన షెడ్డుకొస్తే మేస్త్రి పదిమందిలో నన్ను చూపించాడు. "పట్టింది ఈయనే."

"మీరిద్దరూ పట్టమంటేనే కదా," అన్నాను.

ఆయన కేకలెయ్యలేదు. "మాకు తెలీదు. తెలిసిన మీరెందుకు తిప్పారండీ?" అన్నాడు.



పాత కంప్రెసర్ ఒకటి వెతికి బిగించాం. మళ్ళీ తూచి పట్టి ఆపేశాను. ఆయన వంగి చూశాడు. బుడగలు కనిపించగానే మేస్త్రి వైపు తిరిగాడు.

"మేస్త్రిగారూ, మీరోసారి చూద్దురూ."

నేను చేతిలో రెంచి కింద పెట్టి బయటికొచ్చేశాను. ఈసారి మేస్త్రే తిప్పుకున్నాడు.